సుగ్గికి పోయిన లెక్కల పిల్ల: పాఠశాల విద్యాశాఖకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి పెద్దలకు,

నమస్కారం.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పి, పోయిన ఏడాది రిటైరైన టీచర్ని నేను. మొదట ప్రాథమిక బళ్ళలో ఎస్‌జీటీగా, తర్వాత జెడ్పీ హైస్కూళ్ళలో స్కూల్ అసిస్టెంట్‌గా చేశాను. చదువు రాని పిల్లల గురించి మీకు ఉత్తరాలు చాలా వస్తుంటాయి, రావాలి కూడా. నేను మాత్రం చదువు చాలని పిల్లల గురించి రాస్తున్నాను. మనం చెప్పే పాఠం పది నిమిషాల్లో అయిపోయి, మిగిలిన ముప్పై అయిదు నిమిషాలు ఏం చెయ్యాలో తెలియక కూర్చునే పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు. ప్రభుత్వ బడిలో వాళ్ళకంటూ మనం పెట్టింది ఏదీ లేదు.

ఒక పిల్ల సంగతి చెబుతాను. పేరు రాయను.

ఏడో తరగతి. చింతపిక్కలు తెచ్చుకోమని ముందురోజే చెప్పాను. ఒక పిక్క పెట్టి, దాన్ని ఆనుకుని మూడు, వాటిని ఆనుకుని అయిదు, ఆ పైన ఏడు. బేసి సంఖ్యలు వరసగా కూడుకుంటూ పోతే ప్రతిసారీ చదరమే వస్తుందని చూపించడం ఆ రోజు నా పాఠం. నేను బోర్డు మీద బొమ్మ గీసేలోపే ఆ పిల్ల తన పిక్కలు చెరిపేసి వేరేగా పేర్చుకుంది. “సరి సంఖ్యలతో చదరం రాదు మేడం. ఎప్పుడూ ఒక వరస ఎక్కువొస్తాది” అంది. రెండు, నాలుగు, ఆరు కలిపితే పన్నెండు: మూడేసి పిక్కల వరసలు నాలుగు. ఎనిమిది చేరిస్తే ఇరవై: నాలుగేసి పిక్కల వరసలు అయిదు. ఎందుకలా అని అడిగాను. ప్రతి బేసి సంఖ్య పక్కన ఒక్కో పిక్క విడిగా పెట్టి, చివరికి ఆ విడి పిక్కలన్నీ జరిపి ఒక్క వరసగా కలిపి చూపించింది. బీజగణితంలో మనం అక్షరాలు పెట్టి రెండు పంక్తుల్లో రాసే నిరూపణ అది. ఆ పిల్ల వేళ్ళతో చేసింది.

ఆ రోజు నేను చేసిన పని ఒక్కటే. శభాష్ అని, ఆ పిల్లని క్లాస్ లీడర్ని చేశాను.

లీడరంటే ఏమిటో మీకు తెలుసు. ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించాలి. అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. నోటు పుస్తకాలు పోగుచేసి స్టాఫ్ రూములో పెట్టాలి, ఒక్కోసారి దిద్దాలి కూడా. ఆరో తరగతికి టీచరు సెలవు పెడితే వెళ్ళి వాళ్ళని కూర్చోబెట్టాలి. ఫోనులో ఏదైనా నింపాల్సి వస్తే పక్కన నిలబడి పేర్లు చదివి వినిపించాలి. తెలివైన పిల్లకి మన బడి ఇచ్చే బహుమతి ఇంత చాకిరీ. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎంతమందిని ఇలా లీడర్లని చేశానో లెక్కపెట్టుకుంటే ఇప్పుడు నిద్ర పట్టదు. చెడు ఉద్దేశంతో చేయలేదు. ఇంకేం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. బీఈడీలో చెప్పలేదు, వేసవి శిక్షణల్లో చెప్పలేదు, చుట్టుపక్కల బడులన్నీ కలిపి ఒక హైస్కూలు కింద ఉండే స్కూల్ కాంప్లెక్స్‌లో నెలనెలా జరిగే మీటింగుల్లోనూ ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు.

మా వైపు దసరా దాటితే ఊళ్ళు ఖాళీ అవుతాయి. వానలు లేని ఏడు మరీను. కోసిగి, ఆదోని, మంత్రాలయం చుట్టుపక్కల నుంచి లారీల్లో, ట్రాక్టర్లలో గుంటూరు వైపు, తెలంగాణ వైపు పత్తి తీతలకు, ఆ తర్వాత మిరప కోతలకు పోతారు. దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, మంచిదే. కానీ వంట చేయడానికి, చంటివాణ్ణి ఆడించడానికి ఇంట్లో ఆడపిల్ల కావాలి, అందుకని ఆడపిల్లని వెంటబెట్టుకుని పోతారు. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా అలాగే పోయింది.

జాతీయ ఉపకార వేతనాల పరీక్ష, మనం ఎన్‌ఎంఎంఎస్ అని పిలుచుకునేది, ఎనిమిదో తరగతిలోనే రాయాలి. హాల్ టికెట్ వచ్చేనాటికి పిల్ల పల్నాడులో పత్తి చేలో ఉంది. ఫోను చేస్తే తల్లి ఎత్తింది. “ఏం జేయాల మేడం, మేస్త్రీ కాడ తీసుకున్న అప్పు తీరాల గదా. మధ్యలో వస్తే ఊరుకుంటాడా?” మేస్త్రీ అంటే ముందుగా డబ్బిచ్చి కూలీల గుంపును పనికి తీసుకుపోయేవాడు. ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

ఉగాదికి తిరిగొచ్చారు. బడికి వచ్చిన పిల్ల చేతిలో ఒక పాత డైరీ. గుంపులో ఇరవైమందికి పైగా ఉన్నారట. రోజూ ఎవరెంత పత్తి తీశారో తూకం వేసి, కిలోల లెక్కన కూలి కట్టి, అందులో అప్పు, బియ్యం ఖర్చు పోను మిగిలింది రాయాలి. మేస్త్రీకి లెక్క తేలడం లేదని ఈ పిల్ల చేతికిచ్చాడు. డైరీ తిరగేశాను. ప్రతి పేరుకి ఎదురుగా కిలోలు లేవు. రెండు తక్కువ, మూడు ఎక్కువ, ఒకటి ఎక్కువ, నాలుగు తక్కువ, అయిదు ఎక్కువ అని గుర్తులున్నాయి. ఇదేమిటమ్మా అన్నాను. “అందరూ నలబై కిలోల దగ్గర దగ్గరే తీస్తారు మేడం. నలబై అనుకుని ఎక్కువ తక్కువలు కూడుకుంటే తొందరగా అయితాది” అంది. ఆ అయిదుగురికీ కలిపి 203 కిలోలు. నేను కూడి చూసుకున్నాను, సరిపోయింది.

సాంఖ్యకశాస్త్రంలో దీన్ని విచలన పద్ధతి అంటాం. పదో తరగతిలో వారం రోజులు చెబుతాం, అయినా సగం మందికి ఎందుకు పనిచేస్తుందో ఎక్కదు. పదమూడేళ్ళ పిల్ల పత్తి చేలో, ఎవరూ చెప్పకుండా, అవసరం కొద్దీ కనిపెట్టుకుంది. మేస్త్రీ చూశాడు, పని అప్పగించాడు. నేను ఏడాది ముందే చూశాను, నా దగ్గర అప్పగించడానికి ఏ పనీ లేకపోయింది.

ఆ పిల్ల పదో తరగతి పాసైంది. ఇంటర్‌లో చేరింది. రెండో ఏడు సుగ్గికి పోయి పరీక్షలకు తిరిగి రాలేదు. ఇప్పుడు రెండు గుంపులకు లెక్కలు రాస్తోందని విన్నాను.

ఇది విన్నాక మీలో ఎవరైనా “నవోదయ ఉంది కదా, గురుకులాలున్నాయి కదా, కస్తూర్బా ఉంది కదా, ట్రిపుల్ ఐటీలున్నాయి కదా” అనొచ్చు. ఉన్నాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడను. 1971లో పి.వి. నరసింహారావు గారి హయాంలో సర్వేలులో గురుకులం మొదలైంది. మరుసటి ఏడు తాడికొండ, మా రాయలసీమలో కొడిగెనహళ్ళి వచ్చాయి. 1986 విద్యా విధానంతో జిల్లాకొక నవోదయ వచ్చింది. 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. కూలివాళ్ళ పిల్లలు, చిన్న రైతుల పిల్లలు ఈ దారిన వెళ్ళి డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, మీ ఆఫీసుల్లో మీ పక్క కుర్చీల్లో కూర్చున్నారు. నా విద్యార్థులు కూడా అలా వెళ్ళారు.

కానీ యాభై ఏళ్ళుగా మనకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే అని గమనించారా? ఒక పరీక్ష పెట్టడం, పైనున్నవాళ్ళని ఏరడం, ఊరి నుంచి తీసుకుపోయి దూరంగా పెంచడం. బస్సు ఎక్కలేనివాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. అందులో 75 శాతం పల్లెలకు ఇవ్వడం గొప్ప నియమమే. అయితే ఆ పరీక్ష అయిదో తరగతి చదివే ఏడు ఒక్కసారే రాయాలి, రెండో అవకాశం లేదు. పదేళ్ళ పిల్లకు ఆ రోజు జ్వరం వస్తే అంతే. ఊళ్ళో అప్లికేషన్ పెట్టించేవాళ్ళు లేకపోతే అంతే. తమ్ముణ్ణి చూసుకోవాలని తల్లి పంపకపోయినా అంతే. 81వ ర్యాంకు వచ్చినా అంతే. ఆ 81వ పిల్ల మర్నాడు మళ్ళీ మా బడికే వస్తుంది, మళ్ళీ అదే బెంచీలో కూర్చుంటుంది, మేం మళ్ళీ లీడర్ని చేస్తాం.

ఎన్‌ఎంఎంఎస్ సంగతే తీసుకోండి. దేశమంతటికీ ఏటా లక్ష స్కాలర్‌షిప్పులు, అందులో మన రాష్ట్రానికి 4,087. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పేదింటి పిల్ల ఎనిమిదితో మానెయ్యకుండా ఆపడానికి పెట్టిన డబ్బది, ఆ పని చేస్తోంది. మా బడిలో ఒక ఏడు నలుగురికి వచ్చింది, ఊరంతా సంబరపడ్డాం. సంబరం అయ్యాక ఆ నలుగురూ తొమ్మిదో తరగతిలో అదే గదిలో, అదే పుస్తకం, అదే వేగం. నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో పడుతున్నాయి కానీ తెలివికి తిండి మాత్రం పెరగలేదు. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు కొంత కలిపి చూస్తున్నారు, అదీ న్యాయమే. కానీ అది పదో తరగతి మార్కులొచ్చాక, పదిహేనేళ్ళు నిండాక. ఏడో తరగతిలో కళ్ళల్లో కనిపించిన వెలుగు అప్పటిదాకా నిలుస్తుందన్న నమ్మకం ఏమిటి? 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష కూడా 2021 నుంచి ఆగిపోయింది.

ఇక పరీక్షలు ఎవరిని పడతాయో, ఎవరిని వదిలేస్తాయో చెప్పాలి. మా వైపు చాలా ఇళ్ళల్లో కన్నడం మాట్లాడతారు. ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తెలుగులో ఎప్పుడూ ముప్పై అయిదు దాటలేదు, బడిలో పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల్లో సి గ్రేడు. మాటలు తక్కువ. వాడు జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచీ జెండా స్తంభం నీడ కొస దగ్గర, మధ్యాహ్నం భోజనం గంటకు ముందు సుద్దముక్కతో గీత గీస్తూ వచ్చాడు. దాదాపు రెండు నెలలు ఎవరం పట్టించుకోలేదు. ఒకరోజు వచ్చి, “మేడం, నీడ ఇన్నాళ్ళూ వంటగది పక్కకి పడుతుండె, ఇప్పుడు లేకుండా పోయింది” అన్నాడు. అది ఆగస్టు రెండో వారం. మా వంటగది బడికి దక్షిణాన ఉంటుంది. కొద్ది రోజులకు నీడ ఉత్తరం వైపు, క్లాసు గదుల మీదికి తిరిగింది. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న మన ఊళ్ళ మీదుగా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తి దాటి పోతాడు. సైన్సు టీచర్లలో కూడా చాలామంది కళ్ళారా చూడని విషయం అది. వాడు చూశాడు, రోజూ చూశాడు, గుర్తులు పెట్టుకున్నాడు. దసరాకి ముందు తనిఖీ ఉందని మైదానమంతా కడిగించాం. గీతలన్నీ పోయాయి. వాడు మళ్ళీ గీయలేదు.

ఈ అబ్బాయిని ఏ పరీక్ష పట్టుకుంటుంది? నవోదయ ప్రశ్నపత్రంలో 80 ప్రశ్నలు. వాటిలో 20 భాషవి, 20 అంకగణితం, 40 మానసిక సామర్థ్యం, అంతా రెండు గంటల్లో. నెలల తరబడి ఒక నీడ వెంట పోయే ఓపికకు అందులో మార్కుల్లేవు. వైద్య పరిశోధనలో పేరుపొందిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు. కుంభకోణం కాలేజీలో రామానుజన్‌కి వచ్చిన స్కాలర్‌షిప్ మిగతా సబ్జెక్టుల్లో తప్పడం వల్ల పోయింది. రామానుజన్ పుట్టినరోజైన డిసెంబరు 22న ఏటా గణిత దినోత్సవం చేస్తాం, దండ వేస్తాం, క్విజ్ పెడతాం. మొత్తం మార్కులు చూసి మనిషిని తేల్చే పద్ధతిని మాత్రం ఆయన కాలంలో ఉన్నట్టే ఉంచుకున్నాం.

మా చిన్నమ్మ కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. టెక్సాస్‌లో ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రతిభావంతులైన పిల్లల్ని గుర్తించి వాళ్ళకు తగిన చదువు చెప్పాలని చట్టమే ఉంది. వాళ్ళ అబ్బాయి తన మామూలు సర్కారు బడిలోనే ఉంటాడు. వారంలో కొంతసేపు ప్రత్యేక టీచరు వచ్చి అలాంటి పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి వేరే పని చేయిస్తుంది. ఊరు మారలేదు, హాస్టలు లేదు. ఈ మాట విన్నప్పుడు నాకు మా బడే గుర్తొచ్చింది. అక్కడ అంతా బాగుందని చెప్పడం లేదు. అలాంటి పిల్లల్ని గుర్తించడానికి పెట్టే పరీక్షకు మనవాళ్ళు రెండో తరగతి నుంచే కోచింగ్ ఇప్పిస్తున్నారని తనే చెప్పింది. తెలిసిన తల్లిదండ్రుల పిల్లలే ఎక్కువగా లోపలికి పోతారు. అయితే దానికి విరుగుడు కూడా అక్కడే దొరికింది. ఫ్లోరిడాలో ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌లో అంతకుముందు టీచర్లో తల్లిదండ్రులో పేరు చెబితేనే పరీక్ష పెట్టేవారు. 2005 నుంచి రెండో తరగతిలో ఉన్న ప్రతి ఒక్కరికీ, భాషతో పనిలేని బొమ్మల పరీక్ష పెట్టారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, స్పానిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలు అప్పటిదాకా ఎవరి కంటా పడనివాళ్ళు చాలామంది బయటపడ్డారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2016లో ఈ సంగతి లెక్కలతో సహా ప్రచురించారు. నన్ను కుదిపింది ఒక్కటే: ఆ పిల్లల్ని అంతకుముందు టీచర్లు గుర్తించలేకపోయారు. నేను కూడా ఎంతమందిని గుర్తించలేదో.

ఇప్పుడు నేను అడగదలచుకున్నది. ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. 2020 జాతీయ విద్యా విధానం నాలుగో అధ్యాయం చివర్లో ప్రతిభ ఉన్న పిల్లల గురించి కొన్ని పేరాలున్నాయి. గణిత బృందాలు, సైన్సు బృందాలు, చదరంగం, కవిత్వం, సంగీతం ఇలా రకరకాల బృందాలను బడి స్థాయిలో, స్కూల్ కాంప్లెక్స్ స్థాయిలో, జిల్లా స్థాయిలో నడపాలని అందులో ఉంది. ఇలాంటి పిల్లలకు అదనపు పాఠ్యసామగ్రి ఇవ్వాలని, వాళ్ళను గుర్తించి పెంచడం ఉపాధ్యాయ శిక్షణలో భాగం కావాలని ఉంది. కాగితం మీద సిద్ధంగా ఉన్న మాటలవి. వాటిని స్కూల్ కాంప్లెక్స్ దాకా తీసుకురండి.

స్కూల్ కాంప్లెక్స్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఒక్కో బడిలో ఇలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో. ఆ ఒక్కరి కోసం బడికొక టీచర్ని ఎవరూ ఇవ్వలేరు, అది నాకు తెలుసు. కానీ ఒక కాంప్లెక్స్ కింద ఉన్న బడులన్నీ కలిపితే పన్నెండు పదిహేనుమంది అవుతారు. మా పిల్లకి జీవితంలో ఒక్కసారైనా తనలాంటి మరో పిల్ల ఎదురై, “కాదు, అట్ల గాదు, ఇట్ల పేర్చు” అని వాదించి ఉంటే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. క్లాసులో అందరికంటే ముందుండే పిల్లకి ఓడిపోయే అవకాశం కూడా ఉండదు. తనకంటే తెలివైనవాళ్ళు ఉంటారని తెలియకుండానే పెరుగుతుంది, తెలిసిన రోజు బెదిరిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటర్‌లో చేరి నెలరోజుల్లో తిరిగొచ్చేసిన పిల్లలు నాకు తెలుసు.

వారానికి ఒక పూట చాలు. శనివారం మధ్యాహ్నం, కాంప్లెక్స్ హైస్కూల్లో. భోజనం అక్కడే పెట్టండి, రానూపోనూ ఆటో ఖర్చు ఇవ్వండి, ఆడపిల్లలతో ఒక ఆయానో, బడులు తిరిగే సీఆర్‌ఎంటీ టీచరో తోడు పంపండి. ఈ మూడూ లేకపోతే ఆడపిల్లలు రారు, మిగతాదంతా మగపిల్లల క్లబ్బు అవుతుంది. చెప్పేవాళ్ళు ఉన్నారు. మండలానికి ఇద్దరు ముగ్గురైనా లెక్కలంటే, సైన్సంటే ప్రాణం పెట్టే టీచర్లుంటారు. ఆ పూట వాళ్ళకు డ్యూటీ కింద రాయండి, ఇంకే రిపోర్టూ అడగకండి. పై తరగతి పుస్తకం ముందుగా చెప్పేయడం మాత్రం వద్దు. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ప్రైవేటు బడులు ఆరో తరగతిలోనే పదో తరగతి లెక్కలు రుద్దుతున్నాయి, మనం ఆ దారి పట్టకూడదు. ఒకే ప్రశ్న మీద నెల్లాళ్ళు కూర్చోనివ్వాలి. నీడ కొలిచే అబ్బాయికి ఒక గట్టి నోటు పుస్తకం, ఒక టేపు, ఏడాది పొడుగునా ఎవరూ కడగని నాలుగు గజాల నేల కావాలి. అంతే ఖర్చు.

గుర్తించడానికి నాలుగో తరగతిలో అందరికీ, బడి వేళల్లోనే, బొమ్మల పజిళ్ళ మీద ఒక పరీక్ష పెట్టండి. అప్లికేషన్ ఉండకూడదు, ఫీజు ఉండకూడదు, ఆ రోజు రానివాళ్ళకు మరో రోజు ఉండాలి. ఏడో తరగతిలో మళ్ళీ ఒకసారి పెట్టండి. సుగ్గి ఊళ్ళలో దసరాకి ముందే పెట్టండి, నవంబరులో పెడితే ఎవరూ ఉండరు. దానితోపాటు టీచరు తన కళ్ళతో చూసింది కూడా లెక్కలోకి రావాలి. ఆ చూపు నేర్పడానికి టీచర్లను తయారుచేసే డైట్ కళాశాలల్లో, వేసవి శిక్షణలో ఒక రోజు కేటాయించండి. చురుగ్గా చెయ్యెత్తే పిల్లని అందరం చూస్తాం. విసుగుతో కిటికీలోంచి చూసే పిల్లవాణ్ణి, వింత ప్రశ్న వేసి తిట్లు తినేవాణ్ణి, తెలుగు రాక నోరు విప్పనివాణ్ణి చూడటం ఎవరైనా నేర్పితేనే వస్తుంది. ఫలితాలు ఫ్లెక్సీలెక్కకూడదు. పేర్లు ర్యాంకులతో బయటికొచ్చిన మర్నాడే మండల కేంద్రంలో కోచింగ్ సెంటరు తెరుస్తారు.

ఇంకొక చిన్న కోరిక. ఏడో తరగతి పిల్ల లెక్కల పీరియడ్‌లో మాత్రం తొమ్మిదో తరగతిలో కూర్చోవడానికి హెడ్మాస్టర్లకు స్వేచ్ఛ ఇస్తూ ఒక సర్క్యులర్ ఇవ్వండి. నేను ఒకసారి అలా కూర్చోబెట్టాను. పది రోజులు తిరక్కుండానే ఎవరో వచ్చి, రిజిస్టరు ఒక గదిలో పిల్ల ఒక గదిలో ఉంటే హాజరు ఎలా అని అడిగారు. భయపడి మానేశాను.

మా తోటి టీచర్లే కొందరు నాతో వాదిస్తారు. మూడో తరగతికి వచ్చి రెండక్షరాలు కూడబలుక్కోలేని పిల్లలుండగా నీకు వీళ్ళ బాధ ఎందుకమ్మా, వీళ్ళు ఎలాగైనా బతుకుతారు అంటారు. చదవలేని పిల్లల కోసం చేస్తున్న పనిలో ఒక్క రూపాయి కూడా తగ్గించమని నేను అడగను. నేనూ ఆ క్లాసులు సాయంత్రాలు కూర్చుని చెప్పినదాన్నే. కానీ “ఎలాగైనా బతుకుతారు” అన్న మాట నిజం కాదు. డబ్బున్న ఇంట్లో పుట్టిన తెలివైన పిల్ల ఎలాగైనా బతుకుతుంది. దానికి ట్యూషన్ ఉంది, పుస్తకాలున్నాయి, దారి చూపే పెదనాన్న ఉన్నాడు. మా పిల్లకి బడి తప్ప ఇంకేమీ లేదు, ఆ బడిలోనే తనకు పని లేకుండా పోయింది. ఇలా ఏరి చేస్తే మిగతా పిల్లల మనసు నొచ్చుకోదా అని కూడా అడుగుతారు. ఆటల్లో మండల జట్టుకు ఒకణ్ణి ఎంపిక చేస్తే ఊరంతా చప్పట్లు కొడతాం, తక్కినవాళ్ళు కుంగిపోయారని ఎప్పుడూ వినలేదు. ఖోఖో ఆడేవాడికి జట్టు, కోచ్, బూట్లు, బస్సు ఛార్జీలు ఇవ్వడం మనకు వచ్చు. అదే మర్యాద లెక్క చేసేవాడికి కూడా ఇమ్మంటున్నాను.

రాష్ట్రమంతా ఒక్కసారే మొదలుపెట్టమని అడగడం లేదు. అలా మొదలైనవి పోస్టర్లతో మొదలై యాప్‌లలో ముగియడం చూశాను. జూన్ 12న బడులు తెరుస్తారు. ఈ ఏడు కర్నూలు పడమటి మండలాల్లో ఒక్క స్కూల్ కాంప్లెక్స్‌ని ఎంచండి. ఆగస్టులోపు నాలుగు, ఏడు తరగతుల పిల్లలందరికీ బొమ్మల పరీక్ష పెట్టించండి. సెప్టెంబరు నుంచి శనివారం పూటలు మొదలవ్వాలి. సుగ్గికి పోయే ఇళ్ళ పిల్లలు అందులో ఉంటే, వాళ్ళ కోసం సీజనల్ హాస్టల్లో రెండు మంచాలు ముందే రాసిపెట్టండి. తల్లులతో మాట్లాడటానికి నేను వెళతాను, వాళ్ళకు నేను తెలుసు.

శనివారాలు కూడా నేను వస్తాను. జీతం వద్దు, గౌరవ వేతనం వద్దు. ఒక గది తాళం, ఒక నల్లబల్ల, సుద్దముక్కలు ఇప్పించండి. చింతపిక్కలు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
కర్నూలు జిల్లా